వైద్యునికి కవచం: వృత్తి బాధ్యతా బీమాలో తగిన తరగతి ఏది?



ఈ పుటలలో ఇంతవరకు శొంఠి, పిప్పలి, త్రిఫల వంటి ద్రవ్యాల గుణదోషాలను ముచ్చటించుకొన్నాము. ఈ మారు మందును గురించి కాక, మందిచ్చు వానిని గురించి నాలుగు మాటలు చెప్పదలచినాను. దీనికి కారణం గత కార్తీకమాసంలో నా వద్దకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు. ఆయన కుమార్తె ఆయుర్వేద పట్టం పుచ్చుకొని సొంతంగా వైద్యశాల తెరుస్తున్నది. తండ్రి చేతిలో ఒక బీమా ఫారం ఉన్నది.

"ఆచార్యులవారూ! ఇందులో నాలుగైదు తరగతులు ఉన్నవి. 'మందు మాత్రమే ఇచ్చు వైద్యులు' అని వ్రాస్తే ప్రీమియం తక్కువ. అమ్మాయి పంచకర్మ గది కూడా పెడుతున్నది. అది వ్రాస్తే ఎక్కువ కట్టవలెనట. మొదటి ఏడాదే కదా, తక్కువదానితో సరిపెట్టవచ్చునా?" అని అడిగినాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయినాను. కొన్నేళ్ల క్రిందట ఇదే ప్రశ్నకు నేనిచ్చిన తప్పు జవాబు ఒకటి నా మనస్సులో నేటికీ ముల్లువలె ఉన్నది. ఆ సంగతి తరువాత చెప్పెదను. వైద్యవిద్య చదివిన బిడ్డలు నేడు అనేక మధ్యతరగతి కుటుంబాలలో ఉన్నారు. వైద్యుని వద్దకు వెళ్లని కుటుంబమే లేదు. కావున ఈ విషయం ఇరువర్గాల వారూ తెలిసికొనదగినది.

పూర్వులు ఏమన్నారు?

వైద్యుడు తన తప్పునకు బాధ్యుడన్న మాట పాశ్చాత్యుల నుండి నేర్చినది కాదు. చదువు ముగించి, అభ్యాసం చేసి, రాజానుమతి పొందిన పిమ్మటనే వైద్యుడు వృత్తిలో ప్రవేశించవలెనని సుశ్రుతుడు సూత్రస్థానం పదవ అధ్యాయంలో విధించినాడు. నేటి రిజిస్ట్రేషన్ అనునది ఆ రాజానుమతియే. అశ్మరికి శస్త్రకర్మ చేయునపుడు, చేయకున్న మరణం నిశ్చయము, చేసిన సందేహము గనుక ముందుగా రాజునకు నివేదించి అనుమతి పొందవలెనని ఆయనే చికిత్సాస్థానంలో చెప్పినాడు. ఉదరరోగం ముదిరినపుడు విషప్రయోగం చేయదలచిన వైద్యుడు రోగి బంధుమిత్రులకు, భార్యకు, పెద్దలకు ఫలితం సందేహాస్పదమని తెలిపి, వారి అనుమతి పొందిన పిమ్మటనే పూనుకొనవలెనని చరకుడు చెప్పినాడు. నేడు ఆసుపత్రులలో సంతకం చేయించుకొను సమ్మతి పత్రం వంటిదే ఇది.

దండన మాటకు వస్తే, కౌటిల్యుడు అర్థశాస్త్రం నాలుగవ అధికరణంలో స్పష్టమైన భేదం చూపినాడు. ప్రాణాపాయం కలదని ముందు తెలుపక చికిత్స ఆరంభించగా రోగి మరణించిన వైద్యునికి మొదటి తరగతి జరిమానా. చికిత్సలోని దోషం వలననే మరణం కలిగిన మధ్యమ తరగతి జరిమానా. యాజ్ఞవల్క్యస్మృతి కూడ మిథ్యావైద్యం చేసినవానికి పశువు, మనుష్యుడు, రాజపురుషుడు అను భేదమును బట్టి దండన పెంచినది. ఆనాడే తప్పును తరగతులుగా విభజించినారు. నేటి బీమా కంపెనీవారు తప్పు జరుగగల అవకాశాన్ని తరగతులుగా విభజించుచున్నారు.

నేటి చట్టం

వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చినది. అందులో వైద్యులు చేరుదురా, లేదా అను వివాదానికి 1995 నవంబరు 13న సుప్రీంకోర్టు ముగింపు పలికినది. రుసుము తీసుకొని చేయు వైద్యం 'సేవ'యే, లోపం జరిగిన రోగి పరిహారం కోరవచ్చునని తీర్పు చెప్పినది. రోగులందరికీ పూర్తి ఉచితంగా వైద్యం చేయువారు ఈ పరిధిలోకి రారు. కొందరి వద్ద రుసుము తీసుకొని, పేదలకు ఉచితంగా చూచుచోట మాత్రం ఆ ఉచిత రోగులు కూడ ఫిర్యాదు చేయవచ్చును. 'నేను బీదవారికి ధర్మవైద్యం చేస్తున్నాను, నాకు బీమా ఎందుకు?' అనుకొను సోదర వైద్యులు ఈ భేదాన్ని గమనించవలెను.

పాత చట్టం స్థానంలో 2019 నాటి కొత్త చట్టం 2020 జూలై 20న అమలులోకి వచ్చినది. దీని ప్రకారం ఫిర్యాదుదారు తాను నివసించు ఊరిలోనే ఫిర్యాదు దాఖలు చేయవచ్చును. ఫిర్యాదు చేయుటకు రెండేళ్ల గడువు కలదు. నోటీసు అందిన వైద్యుడు 30 దినాలలో జవాబు ఇచ్చుకొనవలెను. కమిషన్ మరి 15 దినాలు మాత్రమే పొడిగించగలదు. ఆపై గడువు లేదని సుప్రీంకోర్టు 2020లో ఖండితంగా చెప్పినది. 'పండుగ వెళ్లిన తరువాత చూద్దాము' అని నోటీసును బీరువాలో పెట్టిన వైద్యుడు సగం కేసు అక్కడే ఓడిపోవును.

సభ్యత్వమా, పాలసీయా?

వైద్యునికి రక్షణ రెండు మార్గాల లభించును. ఈ రెంటికీ గల భేదం చాలమందికి తెలియదు.

మొదటిది సంఘ సభ్యత్వం. ఇంగ్లండులో 1885లో మెడికల్ డిఫెన్స్ యూనియన్, 1892లో మెడికల్ ప్రొటెక్షన్ సొసైటీ అను సంఘాలు వైద్యులే కూడి పెట్టుకొన్నారు. సభ్యులందరూ చందా కట్టుదురు. ఒకరికి ఆపద వచ్చినపుడు సంఘం న్యాయవాదిని నియమించి ఆదుకొనును. మన దేశంలోనూ కొన్ని వైద్య సంఘాలు ఇట్టి రక్షణ పథకాలు నడుపుచున్నవి. ఇట్టి సభ్యత్వంలో సాయం చేయుట సంఘం విచక్షణకు లోబడి ఉండవచ్చును. అనగా సాయం కోరు అవకాశం సభ్యునికి కలదు గాని, 'ఇచ్చి తీరవలెను' అను ఒప్పందపు హక్కు ఉండకపోవచ్చును. సంఘం నియమావళిలో ఈ మాట ఎట్లున్నదో చదివి చేరవలెను.

రెండవది బీమా కంపెనీ ఇచ్చు పాలసీ. ఇది ఒప్పందం. షరతులకు లోబడినంత వరకు కంపెనీ చెల్లించి తీరవలెను. కాని షరతులు దాటిన ఒక్క పైసా రాదు. సంఘానికి సభ్యుని ముఖం తెలియును. కంపెనీకి కాగితం మాత్రమే తెలియును.

ఈ రెంటిలో దేనిని ఎంచుకొన్నను, 'నీవు చేయు పని ఏమిటి?' అను ప్రశ్నకు సత్యమైన జవాబు వ్రాయుటయే మూలం. తరగతి అనగా అదే.

తరగతులు – ఎవరికి ఏది?

కంపెనీని బట్టి, సంఘాన్ని బట్టి పేర్లు మారినను, సారాంశంలో ఈ విభజన కనిపించును.

1. విద్యార్థులు, హౌస్ సర్జన్లు: వీరు కళాశాల ఆసుపత్రిలో పెద్దల పర్యవేక్షణలో పని చేయుదురు. బయట సొంతంగా రోగులను చూచుటకు ఈ తరగతి వర్తించదు. సెలవులకు ఇంటికి వచ్చి వీధివారికి మందులు వ్రాయు అబ్బాయి సంగతి తల్లిదండ్రులు గమనించవలెను.

2. మందు మాత్రమే ఇచ్చు వైద్యులు: నాడి చూచి, ప్రశ్నించి, పథ్యం చెప్పి, మందు వ్రాయువారు. శరీరంపై ఏ క్రియా చేయనివారు. వీరికి ప్రీమియం తక్కువ.

3. పంచకర్మాది క్రియలు చేయువారు: వమనం, విరేచనం, వస్తి, నస్యం, రక్తమోక్షణం, అభ్యంగ స్వేదాలు. ఇందులో అగ్ని, ఆవిరి, నూనె, జలగ చేరును గనుక అపాయం ఎక్కువ. వస్తి ఒక్కటైనను నెలకొకసారి అయినను చేసిన ఈ తరగతిలోనే చేరవలెను.

4. శల్య, శాలాక్య వైద్యులు: క్షారసూత్రం, అగ్నికర్మ, శస్త్రకర్మలు చేయువారు. 2020 నవంబరులో వెలువడిన కేంద్ర ప్రకటన ఈ శాఖలలో స్నాతకోత్తర విద్య చదువువారు శిక్షణ పొందవలసిన 58 శస్త్రకర్మలను పేర్కొన్నది. శల్యంలో 39, శాలాక్యంలో 19. పట్టా లేని శాఖలోని క్రియ చేయువానికి ఏ తరగతీ రక్ష కాదు.

5. ఉద్యోగ వైద్యులు: ఆసుపత్రి పాలసీ తమను కాపాడునని వీరు అనుకొందురు. ఆసుపత్రి పాలసీ ఆసుపత్రి కొరకు. అందులో తమ పేరు ఉన్నదో లేదో అడిగి చూడవలెను. సాయంకాలం ఇంటివద్ద చూచు రోగులు దాని పరిధిలోకి రారు.

6. వైద్యశాల యజమానులు: పడకలు, సహాయకులు, పరికరాలు గలవారికి సంస్థ పేర వేరు పాలసీ అవసరం. సేవకుడు చేసిన తప్పునకు యజమాని బాధ్యుడని చట్టం. వైద్యుని సొంత పాలసీ, సంస్థ పాలసీ రెండూ ఉండుట మేలు.

7. మందులు తయారుచేయువారు: తన రోగులకు తానే చూర్ణం, లేహ్యం చేసి ఇచ్చు వైద్యునికి ఔషధ చట్టం తయారీ లైసెన్సు నుండి మినహాయింపు ఇచ్చినది. ఇతరులకు అమ్మదలచిన లైసెన్సు తప్పదు. అమ్మిన మందు వలన కలుగు హానికి ఉత్పత్తి బాధ్యతా బీమా అని వేరొకటి ఉన్నది. వైద్యుని పాలసీ దానిని మోయదు.

8. దూరవాణిలో వైద్యం చెప్పువారు: 2020 ఏప్రిల్‌లో ఆయుర్వేద, సిద్ధ, యునానీ వైద్యులకు టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చినవి. పాలసీ సాధారణంగా భారతదేశానికే పరిమితం. అమెరికాలో ఉన్న కొడుకు, కోడలు ఫోను చేసి మందు అడిగినపుడు మన పాలసీ సముద్రం దాటి వెళ్లదని గుర్తుంచుకొనవలెను.

నా శిష్యుని కథ

ఇప్పుడు ఆ ముల్లు సంగతి చెప్పెదను. నా వద్ద చదువుకొని, పిమ్మట కళాశాలలో పట్టా పొందిన శిష్యుడొకడు కోస్తాలోని ఒక పట్టణంలో వైద్యం పెట్టినాడు. పాలసీ తీసుకొను సమయాన నన్ను అడిగినాడు. అప్పటికి వాడు మందులే ఇచ్చుచున్నాడు. రెండేళ్లకు స్వేదపు పెట్టె, అభ్యంగపు బల్ల కొన్నాడు. "గురువుగారూ, తరగతి మార్చుకొనవలెనా?" అని మరల అడిగినాడు. "ఎందుకురా! వారానికి ఇద్దరికి ఆవిరి పట్టుటకు అంత ఖర్చా?" అన్నాను. నా మాట శాసనంగా తలచి మార్చలేదు.

ఒకనాడు అరవై దాటిన ఒక గృహిణి మోకాళ్ల నొప్పులతో వచ్చినది. పాత మధుమేహం. పాదాలు మొద్దుబారి ఉన్నవి. కొత్తగా చేరిన సహాయకుడు ఆమెను స్వేదానికి కూర్చుండబెట్టి, వేడి ఎక్కువైనదా అని అడిగినాడు. ఆమె లేదన్నది. అబద్ధం కాదు. ఆమె కాలికి వేడి తెలియదు. పిక్కలు కాలినవి. పుండు మానుటకు మూడు నెలలు పట్టినది.

ఆ కుటుంబం నోటీసు ఇచ్చినది. వారిని నేను తప్పుపట్టను. కంపెనీవారు రెండు వాక్యాలలో జవాబు వ్రాసినారు. పాలసీ మందులిచ్చు వైద్యుని తరగతిలో ఉన్నది, జరిగినది క్రియ. సహాయకుని పేరు, అర్హత ఫారంలో లేవు. అంతే. శిష్యుడు కొనుక్కొన్న ఇంటిస్థలం అమ్మి పరిహారం చెల్లించినాడు. రెండు తరగతుల ప్రీమియంలకు గల తేడా వాని వైద్యశాలలో ఒక నెల నువ్వులనూనె ఖర్చు కన్న తక్కువ.

నన్ను బాధించినది ధనం మాత్రమే కాదు. చరకుడు సూత్రస్థానం పదునాలుగవ అధ్యాయంలో స్వేదం చేయరాని వారి పట్టికలో మధుమేహిని స్పష్టంగా చేర్చినాడు. ఆ అధ్యాయం వానికి చెప్పినది నేనే. వాడు కంఠస్థం చేసి అప్పజెప్పినాడు కూడ. సహాయకునికి చెప్పుట మాత్రం మరచినాడు. శాస్త్రం గురువు నోట, శిష్యుని నోట ఉన్నది. ఆవిరి కవాటం తిప్పు చేతికి చేరలేదు. తరగతి సరిగా ఉన్నను ఆమె కాలు కాలకుండ ఆగెడిది కాదు. కాని ఆమెకు పరిహారం ఆలస్యం లేక అందెడిది, వాని ఇల్లు నిలిచెడిది.

ఫారం నింపునపుడు చూడవలసినవి

హామీ మొత్తం: పాలసీలో ఒక ఘటనకు పరిమితి, సంవత్సరానికి పరిమితి అని రెండు ఉండును. వీటి నిష్పత్తి 1:1 నుండి 1:4 వరకు ఉండవచ్చును. 1:2 నిష్పత్తిలో సంవత్సరానికి 20 లక్షలు అన్నచో, ఒక్క రోగి విషయంలో 10 లక్షలకు మించి రాదు. పెద్ద అంకె చూచి మురియరాదు. న్యాయవాది ఖర్చు కూడ సాధారణంగా ఈ మొత్తంలో నుండే పోవును.

పూర్వపు తేదీ: ఇది మిక్కిలి ముఖ్యం. చికిత్స జరిగిన నాటి పాలసీ కాక, క్లెయిము వచ్చిన నాడు అమలులో ఉన్న పాలసీ జవాబు చెప్పును. చికిత్స మాత్రం పాలసీలో వ్రాసిన పూర్వపు తేదీ తరువాత జరిగి ఉండవలెను. ఏడాదికేడాది ఎడతెగక పునరుద్ధరించిన ఆ తేదీ నిలుచును. ఒక్క మారు గడువు తప్పిన, పాత రోగులందరి విషయంలో రక్షణ పోవచ్చును.

విరమణ: వైద్యశాల మూసిన మరునాడే పాలసీ మానరాదు. ఫిర్యాదునకు రెండేళ్ల గడువు ఉన్నది గదా! విరమణానంతర రక్షణ ఉన్నదేమో అడుగవలెను. అరవై దాటిన నాకు ఈ మాట ఇతరుల కన్న బాగుగా తెలియును.

సహాయకులు: ప్రతివాని పేరు, అర్హత వ్రాయవలెను. మారినపుడు తెలుపవలెను.

స్వయంగా భరించవలసిన భాగం: ప్రతి క్లెయిములో కొంత మొత్తం వైద్యుడే భరించవలెనను నిబంధన ఉండును. ఎంతో చూడవలెను.

నోటీసు వచ్చిననాడే కంపెనీకి వ్రాతమూలంగా తెలుపవలెను. వారి సమ్మతి లేక తప్పు ఒప్పుకొనుట, సొమ్ము ఇచ్చి రాజీపడుట చేసిన పాలసీ చెల్లకపోవచ్చును. రోగిని పరామర్శించుట, ప్రథమ చికిత్స చేయుట, జరిగినది దాచక చెప్పుట మాత్రం ఎన్నడూ మానరాదు. అది వైద్యధర్మం.

ఏ బీమా కాపాడనివి

మద్యం మత్తులో చేసిన చికిత్సకు, చట్టవిరుద్ధమైన పనికి, బరువు తగ్గించుటకు, అందం కొరకు చేయు క్రియలకు అనేక పాలసీలు వర్తించవు. బరువు తగ్గింపు శిబిరాలు నడుపు వైద్యులు ఈ మాట రెండుమార్లు చదువవలెను.

తన శాస్త్రం కాని మందు ఇచ్చుట ఇంకొక ప్రమాదం. హోమియో వైద్యుడొకరు అల్లోపతి మందులు వాడగా రోగి మరణించిన కేసులో, తాను చదువని శాస్త్రంలో చికిత్స చేయుటయే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పి 3 లక్షల పరిహారం విధించినది. 'మధుమేహం సమూలంగా నయం చేయబడును' అను బోర్డులు కూడ 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టానికి విరుద్ధం.

నేర విచారణలో పడు శిక్షను ఏ కంపెనీయు భరించదు. 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షనులో నిర్లక్ష్యం వలన మరణం కలిగించిన వారికి ఐదేళ్ల వరకు, రిజిస్టరైన వైద్యునికి చికిత్సా క్రియలో రెండేళ్ల వరకు జైలుశిక్ష చెప్పబడినది. కాని అందులో 'రిజిస్టరైన వైద్యుడు' అనగా జాతీయ వైద్య కమిషన్ చట్టం క్రింద నమోదైనవాడని నిర్వచనం. మన ఆయుర్వేద రిజిస్టరు మాట అందులో లేదు. మన వైద్యులు ఇంకొక మెట్టు జాగ్రత్తగా ఉండవలెననుటకు ఇది చాలును.

రోగి కుటుంబాలకు

మీరు చికిత్సకు వెళ్లినపుడు వైద్యుని రిజిస్ట్రేషన్ సంఖ్య చూడండి. మందుచీటీలో మందు పేర్లు వ్రాయించుకోండి. క్రియకు ముందు లాభనష్టాలు అడగండి. మధుమేహం, రక్తపోటు, గర్భం, పాత శస్త్రచికిత్స, వాడుచున్న మందులు దాచకండి. క్రియ చేయు సహాయకుడు ఎవరో, ఎక్కడ నేర్చినాడో అడుగుట అమర్యాద కాదు. ఫలితం రాని ప్రతి చికిత్సయు నిర్లక్ష్యం కాదు. ఆ శాస్త్రంలో సామాన్య నేర్పు గల వైద్యుడు చూపవలసిన జాగ్రత్త చూపనిదే నిర్లక్ష్యమని సుప్రీంకోర్టు 2005లో వివరించినది. సాధ్యాసాధ్యాలు మన శాస్త్రం కూడ చెప్పినదే గదా!

ఆ తండ్రికి ఇచ్చిన జవాబు

విశ్రాంత ఉపాధ్యాయునికి చివరకు ఇట్లు చెప్పినాను. "అయ్యా! అమ్మాయి చేయు పనులన్నీ ఒక కాగితంపై వ్రాయించండి. ఈ ఏడాది చేయునవి, వచ్చే ఏడాది చేయదలచినవి. అందులో అన్నింటికన్న అపాయం గల పని ఏదో, అదే ఆమె తరగతి. ప్రీమియం ఎక్కువైన పంచకర్మ గది ఆరు నెలలు ఆలస్యంగా తెరవండి గాని, తరగతి తగ్గించవద్దు." ఆయన కొంచెం ఆలోచించి, "అయితే సహాయకుని పేరు కూడ వ్రాయవలెనా?" అన్నాడు. "పేరు వ్రాయుటకు ముందు వానికి స్వేదం చేయరాని వారెవరో తెలుగులో వ్రాసి, ఆ గది గోడకు అంటించండి" అన్నాను.

మా గురువుగారి ఇంట చదువు ముగిసిన నాడు నేను వెంటనే వైద్యం ఆరంభించెదనంటిని. ఆయన ఒప్పుకొనక, కళాశాలలో చేరి పట్టా పొంది, రిజిస్టరులో పేరు వ్రాయించుకొని రమ్మని పంపినారు. రాజానుమతి లేని విద్య ఎంత గొప్పదైనను వీధిలోకి రారాదన్నారు. నేడు ఆయన ఉన్నచో ఇంకొక మాట కలిపెడివారని తలచెదను. నీవు చేయు పని ఇదియని సత్యంగా వ్రాసియిచ్చిన పిమ్మటనే రోగి దేహంపై చేయి వేయుమని.

సర్వే జనాః సుఖినో భవంతు.